నావ ఎక్కిన గడప

గడపకు నడుమ బొక్క ఉంటే అరిష్టమట. మా తమ్ముడి మనుమడు కిరణ్ ఇబ్రహీంపట్నంలో పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తుల మేడ కడుతున్నాడు. పునాదికి ముగ్గు పోసే ముందు నానమ్మ వరుసైన నేను వచ్చి ఒకసారి చూడాలని పట్టుబడితే, హయత్‌నగర్ నుంచి ఆటోలో నడుము పట్టుకుని పోయాను. కూల్చిన ఇంటి కర్రంతా వాకిట్లో కుప్ప పోసి ఉంది. దూలాలు, వాసాలు, చెదలు తిన్న కిటికీ రెక్కలు, అన్నిటికీ అడుగున మా టేకు గడప. వాస్తు చూసే అతను చేతిలో టేపు పట్టుకుని ఆ గడపను కాలితో ఇటు దొర్లించి, అటు దొర్లించి, "ఇది కొత్తింట్ల పెట్టకుండ్రి సార్. నడుమ ఇంత బొక్క ఉంది. లచ్చిమి నిలువది" అన్నాడు. మా కిరణ్ బుద్ధిమంతుడు. "సరే పంతులుగారూ, కట్టెల కిందికి పంపిస్త" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ముందు నీ కాలు తియ్యి బిడ్డా" అన్నాను. ఆయన తీశాడు. ఎనభై దాటిన ముసలిదాని నోటికి జడిసి తీశాడో, మర్యాదకు తీశాడో నాకు తెలియదు, తెలుసుకునే అవసరం కూడా లేదు. ఆ బొక్క ఎట్లా పడిందో కిరణ్‌కు తెలియదు, వాళ్ళ నాన్నకు తెలియదు. తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. అందుకని రాస్తున్నాను.

నిజాం రాజ్యంలో మా ఊరి పెద్దచెరువు గట్టు కింద మాది చేపలు పట్టే వాడకట్టు. ఇరవై గుడిసెలు, ఇరవై గడపలు. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది గడి వాళ్ళకు, అంటే కోటలాంటి దొర ఇంటి మనుషులకు, అక్కర్లేదు, గడప ఒక్కటే లెక్క. గడపకు ఒక మనిషి వంతున వెట్టికి పోవాలి. నీళ్ళు తోడాలి, మూటలు మోయాలి, దొర చుట్టాలొస్తే పట్టిన చేపల్లో పెద్దవి ఏరి ఇచ్చి రావాలి. వంతు ఎవరిదన్నది నోటితో చెప్పేవాళ్ళు కాదు. నీరటి ఈరయ్య అని, చెరువు తూము తీసేదీ మూసేదీ ఆయనే, పొద్దుగూకే వేళకు నున్నటి తుమికి కర్ర ఒకటి పట్టుకుని వచ్చేవాడు. ఎవరి గడపకు ఆ కర్ర ఆనించి పోతే తెల్లారి వాళ్ళు గడికి పోవాలి. దాన్ని వంతు కర్ర అనేవాళ్ళం. ఆ కర్రను గడపకే ఆనించాలి, చేతికి ఇవ్వరాదు. ఎప్పుడో ఒక మొండి మనిషి ఈరయ్య తండ్రి చేతిలోంచి కర్ర గుంజుకున్నాడట, వారం తిరక్కుండా గడిలో జోడెద్దులు కూలాయట. చేతి నుంచి చేతికి పోతే కీడు పంపినింటికే మళ్ళుతుందని ఆనాటి నుంచి గడివాళ్ళే భయపడేవాళ్ళు. మా నాయనమ్మ లచ్చవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో "ఆ ఎద్దులు ఏం పాపం చేసినయో" అని నవ్వేది.

నాయనమ్మ చుట్ట తాగేది. రెండు చేతులా వల అల్లుతూ, పంటి కింద చుట్ట బిగించి, ఆ పొగలోంచే లోకం మీద తీర్పులు చెప్పేది. ఆమెకు భయం లేదని చెప్పను. ఉరుమంటే భయం, పిల్లి ఎదురొస్తే భయం. మనుషులంటే మాత్రం లేదు. మా బాపు అందుకు సరిగ్గా వ్యతిరేకం. ఎవరు గట్టిగా మాట్లాడినా తలవంచేవాడు, మేకపిల్ల అడ్డమొచ్చినా పక్కకు తొలిగి పోయేవాడు. అమ్మ ఈ ఇద్దరి నడుమా మాట పెంచకుండా వంట చేసుకునేది. ఆ ఇంటికి నేనొక్కదాన్నే పిల్లను, సత్తిని. అప్పటికి నాకు పదేండ్లుంటాయేమో.

ఆ ఏడు చెరువు నిండి అలుగు పోసింది. భాద్రపదంలో ఒక మధ్యాహ్నం ఈరయ్య కర్ర లేకుండా వట్టి చేతులతో వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. అప్పుడే నాయనమ్మకు అనుమానం వచ్చింది.

"లచ్చవ్వా, ఎల్లుండి పసుపు గుడ్డ కట్టిన కర్ర మీ గడపకు తెస్తున్న. తెమ్మన్నరు. ముందుగాల చెప్పి పోదమని వచ్చిన" అన్నాడు.

అమ్మ చేతిలో చేట కిందపడింది. పసుపు గుడ్డ కట్టిన కర్ర అంటే ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దొర బిడ్డకు పెండ్లయి అత్తగారింటికి పోతుంటే, ఆమె కాళ్ళు పిసకడానికి, నీళ్ళు కాయడానికి ఊళ్ళోంచి ఒక ఆడపిల్లను వెంట తోలేవాళ్ళు. ఆడబాప అనేవాళ్ళు ఆ పిల్లను. ఆడబాపకు పెండ్లి ఉండదు, పుట్టినిల్లు ఉండదు, వెనక్కి రావడం ఉండదు. పెండ్లి మాఘంలో. వాళ్ళు అడిగింది నన్ను.

బాపు నేల చూస్తూ, "ఏం చేస్తమే అవ్వా. నీళ్ళల్ల ఉండి మొసలితోని పగ పెట్టుకుంటమా" అన్నాడు.

నాయనమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. "మొసలి నీళ్ళల్ల ఉంటది కొడుకా. దొర గడ్డ మీదుంటడు. మనమే నీళ్ళల్ల ఉందం. ఎట్లొస్తడో రానీ" అంది.

మా తాత వయసులో ఉండగా కృష్ణ ఒడ్డుకు పోయి, సరుకు మోసే తెరచాప పడవల మీద కొన్నేండ్లు కూలి చేసి వచ్చాడు. వచ్చాక మా చెరువుకు కూడా తెరచాప నావ కావాలని కట్టాడు. మిగతా వాడకట్టంతా వెదురు తెప్పల మీద తిరుగుతుంటే ఈయన తెరచాప ఎత్తేవాడు. ఊరంతా నవ్వింది. ఆయన చచ్చిపోయాక నావ గట్టు పక్కన బోర్లా పడి ఉంది, దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టేవి. నావ పలకలు బాగానే ఉన్నాయి కానీ, తెరచాప గుంజను నిలబెట్టే అడ్డదూలం చీకిపోయింది. మర్నాడు పట్టపగలు, వాడకట్టంతా చూస్తుండగా, నాయనమ్మ గడ్డపార తెచ్చి మా గడపను పెకిలించింది. మట్టి రాలింది, తలుపు ఒరిగింది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. గడప తీసిన ఇల్లు శవం లేచిన ఇంటితో సమానం అంటారు మాలో. పక్కింటామె "ఇదేం పని లచ్చవ్వా!" అని గుండె మీద కొట్టుకుంది.

"గడపకు గదా వంతు? ఇగ గడప లేదు. కర్ర నా నెత్తికి ఆనిస్తడా?" అంది నాయనమ్మ. గడ్డపార మొనను పొయ్యిలో ఎర్రగా కాల్చి, గడపకు నడుమ ఆనించింది. టేకు పొగ కమ్మగా ఉంటుంది, కళ్ళు మాత్రం మండుతాయి. కాల్చి పొడిచి, కాల్చి పొడిచి, సాయంత్రానికి నా పిడికిలి పట్టేంత బొక్క చేసింది. ఆ గడపను నావకు అడ్డంగా బిగించి, బొక్కలో గుంజ దించి నిలబెట్టింది. అరిష్టం అంటున్న బొక్క అదీ.

ఈరయ్య చెప్పిన ఎల్లుండికి మేం నీళ్ళ మీద ఉన్నాం. ఈరయ్య కర్ర పట్టుకుని వచ్చి, గడప లేని గుడిసె చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఆనిచ్చెతందుకు జాగ లేదు దొరా" అని గడిలో చెప్పాడట. వాళ్ళు మా గుడిసె కప్పు పీకి పోశారు.

నావ మీద ఐదు నెలలు కాపురం చేశాం. వెనక భాగంలో తడి మట్టి పరిచి దాని మీద పొయ్యి, నడుమ బండి గూడు మాదిరిగా ఈతచాపల గూడు, ముందర వలలు. ఒక కోడి కూడా ఉండేది, దాని కాలికి తాడు. తెరచాప పాత ధోతులు, గోనెలు కలిపి అమ్మ కుట్టింది. వలలను వేసినట్టే దాన్నీ తంగేడు చెక్క కాచిన నీళ్ళలో వేసి ఉడికించింది. ఎర్రటి బురద రంగు వచ్చింది. తంగేడు చెక్క వగరు వాసన, ఎండుచేపల వాసన, నాయనమ్మ చుట్ట వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ నిద్ర ముంచుకొస్తుంది. పొద్దున జొన్న గట్క, మాపటికి చేపల పులుసు. కొర్రమీను దొరికితే పండుగే, లేకుంటే చిన్న చిన్న పరకలు. నాయనమ్మ గాలి ఎటు నుంచి వస్తున్నదో చెవి తమ్మె తడి చేసుకుని చెప్పేది. మా తెరచాప గాలి వెంబడి పోవడానికే పనికొచ్చేది. తిరిగి రావాలంటే బాపు వెదురు గడ వేసి తోయాల్సిందే. "పోయేటప్పుడు గాలి, వచ్చేటప్పుడు కొడుకు" అని నాయనమ్మ వెక్కిరించేది. బాపు నవ్వేవాడు. గడ్డ మీద ఆయన నవ్వడం నేను చూడలేదు.

చెరువు నిండితే లోపల గుట్టల తలలు మూడు మిగిలేవి. వాటిని తిప్పలు అనేవాళ్ళం. నిండు చెరువు మీద తిరిగేదాకా ఆ తిప్పల మీద మనుషులుంటారని నాకు తెలియదు. గొర్ల తిప్ప మీద ముసలి మొగుడూపెండ్లాలు. ఆమె పేరు మల్లవ్వ. వానలు పడుతుండగానే గొర్రెలను తోలుకుని గుట్ట ఎక్కి, చుట్టూ నీళ్ళు కమ్ముకునే దాకా కావాలనే కూర్చునేవాళ్ళు. ఎందుకంటే ఒడ్డున ఉంటే గడికి పండుగకో గొర్రె, చుట్టానికో గొర్రె. "నీళ్ళొచ్చినంక మా గొర్రెలు మావే బిడ్డా" అనేది మల్లవ్వ. ఆమె దగ్గర ఏదీ ఊరికే పుచ్చుకోవడం ఉండదు. మనం చిటికెడు ఉప్పిస్తే చెంబెడు పాలు ఇచ్చేది, వద్దంటే అలిగేది. రెండోది దోస తిప్ప. అక్కడ ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలు దోసపాదులు పెట్టి పొద్దస్తమానం కొట్లాడుకునేవి. మేం పోతే ఇద్దరూ మమ్మల్నే తగువు తీర్చమనేవాళ్ళు. నాయనమ్మ ఇద్దరినీ తిట్టి, ఇద్దరి దగ్గరా దోసకాయలు తీసుకుని వచ్చేది. మూడో తిప్ప మీద ఒక సమాధి, దాన్ని ఊడ్చే ముసలి ఫకీరు. అక్కడ గట్టిగా మాట్లాడరాదు. నా చేతిలో చక్కెర పలుకు పెట్టి, "డరో మత్ బేటీ, పానీ కిసీకా నౌకర్ నహీ" అనేవాడు. భయపడకు బిడ్డా, నీళ్ళు ఎవరికీ నౌకరు కాదని. మూడు చోట్లా మూడు రకాల మనుషులు, మూడు తిప్పలూ దొరకు అందనివి. చెరువు నిండితే ఆ నాలుగైదు నెలలు దొర రాజ్యం అంతమేరకు చిన్నదయ్యేది. ఈ మాట నేను ఏ చరిత్ర పుస్తకంలోనూ చదవలేదు, నావ మీద కూర్చుని కళ్ళారా చూశాను.

ఒడ్డున మాకున్న దిక్కు బాలమ్మ. మా వాడకట్టు చివరి గుడిసెలో తల్లితో ఉండేది, తండ్రి లేడు. నాకంటే ఏడాది పెద్దది, నాతో పచ్చీసు ఆడేది, ఓడిపోతే గవ్వలు విసిరేది. బాపు చేపలు దింపి మంచాల ఊరి వైపు పోయి అమ్ముకు రావాలంటే గట్టు మీద గడి మనుషులు ఉండకూడదు. ఎవరూ లేకపోతే బాలమ్మ గట్టు మీది తుమ్మ చెట్టుకు నల్ల గుడ్డ ఆరేసేది. గుడ్డ కనిపిస్తే వచ్చేవాళ్ళం, లేకుంటే లోపలికి పోయేవాళ్ళం. ఉప్పు, మిరంపొడి, నిప్పు కోసం పిడకల మీద కణకణలాడే బొగ్గులు, అన్నీ ఆ పిల్లే తెచ్చేది. ఒకసారి కుండ అందిస్తూ నావ అంచు పట్టుకుని వదల్లేదు.

"నేను గూడ ఎక్కనా అవ్వా? మా అమ్మ ఏమనది" అంది.

"నువ్వెక్కితే ఒడ్డు మీద మనకెవలున్నరే పిచ్చిదానా" అంది నాయనమ్మ. ముద్దుగానే అంది. బాలమ్మ నవ్వి చెయ్యి తీసింది. నేను నావ మీంచి చేతులూపాను.

చలికాలం బాతులు దిగాయి. బాతులు దిగితే పట్నం నుంచి దొర చుట్టాలు తుపాకులతో దిగేవాళ్ళు. వాళ్ళ వెంట గడి గుమస్తా తెప్ప ఎక్కి, నీళ్ళంటే ప్రాణం పోయేంత భయం కాబట్టి రెండు చేతులా తెప్ప పట్టుకుని కూర్చునేవాడు. చేతులు తెప్పకే ఉన్నా కళ్ళు పనిచేస్తాయి కదా. ఆ రోజు శుక్రవారం. ఇన్ని ఉపాయాలు చేసిన నాయనమ్మకు ఒక్కటి చేతకాలేదు. శుక్రవారం పొద్దున గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టకుండా ఆమె ఉండలేదు. గడప ఇంటికున్నా ఒకటే, నావకున్నా ఒకటే ఆమెకు. అరవై ఏండ్ల చేయి, చెబితే వింటుందా? గుమస్తా మా పక్కనుంచి పోతూ ఆ పచ్చటి గడపను చూశాడు.

"అరె! గడప ఉన్నది గద ముసల్దానా! పసుపు గూడ పెట్టినవ్. గిది ఇల్లే గద!" అని అరిచాడు. నాయనమ్మ ముఖం పాలిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

రెండు రోజులకు ఈరయ్య తెప్ప మీద వచ్చాడు. చేతిలో తుమికి కర్ర, దానికి పసుపు గుడ్డ. గుమస్తా గట్టు మీద నిలబడి చూస్తున్నాడు, పక్కన నలుగురు మనుషులు. మేం ఆ పొద్దు గట్టుకు దగ్గరగా వలలు తీస్తున్నాం, గాలి సుతరామూ లేదు, బాపు గడ వేసినా తెప్పకు అందకుండా పారిపోయే దారి లేదు. ఈరయ్య తెప్పను నావకు ఆనించి కళ్ళెత్తకుండా, "లచ్చవ్వా, నా పిల్లల మీదొట్టు, నా చేతుల ఏం లేదు" అన్నాడు.

నాయనమ్మ గడ్డపార అందుకుంది. మళ్ళీ గడపను పెకిలిద్దామని. అప్పుడు అమ్మ, ఇన్ని నెలల్లో అత్తకు ఎదురు మాట చెప్పని అమ్మ, గడప మీద రెండు చేతులూ వేసింది. "తియ్యకు అత్తా. గడప తీస్తే గుంజ పడ్తది. గుంజ పడితే ఇగ నావ లేదు. ఒడ్డుకు కొట్టుకపోతం. వాళ్ళకు గదే గావాలె" అంది. బాపు గడ పట్టుకుని నిలబడిపోయాడు. ఈరయ్య కర్రను గడప వైపు వంచుతున్నాడు. జానెడు దూరం ఉంది.

నేను ధైర్యవంతురాలినని ఆ పని చేశానని అనుకోకండి. నాకు లంగా తడిసిపోయేంత భయం. కానీ ఆ ఎద్దుల కథ నాకు వెయ్యిసార్లు చెప్పారు, అది ఆ క్షణాన నా బుర్రలో లేచి నిలబడింది. "నాకియ్యి తాతా" అని చెయ్యి చాపి, కర్ర గడపకు తగలకముందే పట్టుకున్నాను. ఈరయ్య పెద్ద మనిషి, తూము పలకలు ఎత్తే చేతులు ఆయనవి. బిగబట్టి ఉంటే నా తాతలు దిగొచ్చినా కర్ర ఊడిరాదు. ఆయన నా కళ్ళల్లోకి ఒకసారి చూసి పట్టు వదులు చేశాడు. ఆ సంగతి ఆయన చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు, నేను ఇప్పుడు చెబుతున్నాను.

నాయనమ్మ గట్టు వైపు తిరిగి గొంతు చించుకుంది. "సూసినవా గుమస్తా! చేతులకెల్లి చేతులకొచ్చింది! పోయి దొరసానికి చెప్పు, పెండ్లి ఇల్లు జర పైలం!"

గుమస్తా నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. ఆ కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది. ఈరయ్య తాత వట్టి చేతులతో పోతే వీపు చీరేస్తారని నాకు జాలేసింది. కర్రను ఆయన తెప్ప మీద పెట్టేశాను. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు. పెట్టింది నేనే.

మూడో రోజు బాలమ్మ గట్టు మీంచి నవ్వు ఆపుకోలేక కబురు చెప్పింది. "దొరసాని ఒక్కటే శోకాలు! ఆ పిల్ల నీడ గూడ నా బిడ్డ మీద పడొద్దు అన్నదంట! బతికిపోయినవే సత్తీ!" ఆ పూట గొర్ల తిప్పకు పోయాం. మల్లవ్వ మురిసిపోయి ఒక గొర్రెపిల్లను నా చుట్టూ తిప్పి దిష్టి తీసింది. కొర్రమీను పులుసు పెట్టుకుని, దోస తిప్ప అన్నదమ్ములను కూడా పిలిచి, వాళ్ళు కూడా కొట్లాట మరిచి, కడుపారా తిన్నాం. నాయనమ్మ చుట్ట వెలిగించి తాత నావను చూసి నవ్వినవాళ్ళందరినీ పేరుపేరునా తిట్టింది. నా బతుకులో అంత సంబరంగా తిన్న కూడు లేదు.

తర్వాత వచ్చి చూస్తే తుమ్మ చెట్టు మీద గుడ్డ లేదు. గడి మనుషులున్నారేమోనని లోపలికి పోయాం. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. నాలుగో రోజు ఈరయ్యే తెప్ప వేసుకుని వచ్చాడు. తెప్ప దిగలేదు, కర్ర తేలేదు.

"బాలిని తోలుకపోయిన్రు. మీరు కొర్రమీను తిన్న పూటనే కర్ర వాళ్ళ గడపకు ఆనిచ్చిన. దాని తల్లి ముండమోసినదానికి నావ ఏడిది, గడ్డపార పట్టెతందుకు మనిషేడి?" అని ఏడ్చాడు.

అదే కర్ర. నా చేతిలో ఉన్న కర్ర. పొయ్యి మండుతూనే ఉండె, పక్కనే ఉండె, అందులో పడేస్తే అయిపోయేది. ఇంకో కర్ర నరుక్కుని వచ్చేవాళ్ళు కదా అని ఓదార్చినవాళ్ళు ఉన్నారు. నరుక్కోనీ! నరుక్కునే కష్టమన్నా పడనీ. నేను వాళ్ళకు ఆ కష్టం కూడా లేకుండా చేశాను. నాయనమ్మ వారం రోజులు చుట్ట ముట్టలేదు. "తప్పించుకున్న గని విరగ్గొట్టకపోతిని" అని ఒకటే మాట. బాపు మాత్రం ఎవరికీ చెప్పకుండా ఒడ్డున దిగి, గడికి పోయి, ఆ పిల్లను తల్లికి ఇవ్వమని అడిగాడు. మేకపిల్లకు దారిచ్చే మా బాపు. ఆయనను ఎండలో వంచి వీపు మీద బండ పెట్టి పొద్దుగూకే దాకా నిలబెట్టారు. తిరిగి వచ్చి నావలో బోర్లా పడుకున్నాడు. "ఏమన్నరు" అని అమ్మ అడిగితే, "ఏమంటరు. నేనైతే అడిగిన" అన్నాడు. ఆనాటి నుంచి ఆయన ఎవరి ముందూ తల వంచగా నేను చూడలేదు. వంగింది వీపే, అది బతికినన్నాళ్ళూ సరిగ్గా నిలబడలేదు.

మాఘంలో పెండ్లి బండ్లు పోయాయి. నీళ్ళు తగ్గాయి, తిప్పలు ఒడ్డుకు కలిసిపోయాయి, మేం గడ్డెక్కి, గడప పెట్టకుండానే గుడిసె కప్పుకున్నాం. కొన్నేండ్లకు నిజాం రాజ్యం పోయింది, గడి తలుపులు మూతపడ్డాయి. గుడిసె ఉన్న జాగాలో బాపు మట్టిగోడల ఇల్లు కట్టి, నావ మీంచి ఆ గడపనే తెచ్చి పెట్టాడు. బొక్క పూడ్చనివ్వలేదు నాయనమ్మ. శుక్రవారాలు దాని చుట్టూ కూడా పసుపు రాసేది.

ఇల్లు కట్టిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఎండిన చెరువు అడ్డంగా నడుచుకుంటూ ఒక మనిషి వచ్చి మా వాకిట్లో నిలబడింది. జుట్టు కత్తిరించి ఉంది. చెంప మీద మచ్చ. నేను గుర్తుపట్టలేదు. చూపు సగం పోయిన నాయనమ్మ గుర్తుపట్టింది.

"బాలివా? లోపలికి రావే."

"వద్దు అవ్వా. ఈడనే నిలబడ్త. నిలబడుడు అలవాటైంది" అంది బాలమ్మ.

నాయనమ్మ తడుముకుంటూ వచ్చి ఆమె రెక్క పట్టుకుని గడప మీద కూర్చోబెట్టింది. మాలో గడప మీద కూర్చోరాదు. పిల్లలం కూర్చుంటే వీపు పగిలేది. బాలమ్మ భయం భయంగా కూర్చుని, చేత్తో గడపను నిమురుతూ, బొక్క తగిలితే అందులో వేళ్ళు పెట్టింది.

"గిదేంది అవ్వా?"

"నావ గుంజ నిలబెట్టిన బొక్క బిడ్డా."

బాలమ్మ ఆ బొక్క అంచు చుట్టూ వేలితో ఒకసారి రాసింది. తర్వాత మెల్లగా, నిష్ఠూరం కూడా లేకుండా, "నన్ను గూడ ఎక్కించుకుంటే అయిపోవు గద" అంది.

అమ్మ లోపలికి పోయి గట్క గిన్నె తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. ఆమె తల్లి అప్పటికే పోయింది. మా ఇంట్లోనే ఉంది బాలమ్మ. నేను బడికి పోయి పంతులమ్మనయ్యాను. ఆమె తర్వాత పుట్టిన మా తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది, సాయంత్రమయితే పని ముగించి వచ్చి ఆ గడప మీదే కూర్చునేది. చచ్చిపోయిన రోజు కూడా అక్కడే కూర్చుని ఉంది.

ఇప్పుడు వెట్టి లేదు, కర్ర లేదు. బాగయింది, ఆ రోజులే మంచివనే ముసలివాళ్ళలో నేను లేను. చెరువు సగం చిక్కింది, గొర్ల తిప్ప దాకా హద్దురాళ్ళు పాతి, లేక్ వ్యూ అని బోర్డు పెట్టారు. ఆ బోర్డు మీద తెరచాప బొమ్మ కూడా వేశారు, తెల్లగా, మురికి లేకుండా. దానికి కూడా నాకు కోపం రాలేదు. మనుషులింకా ఎవరో ఒకరు వచ్చి గడపను చూపించి ఇట్లుండాలె, అట్లుండొద్దు అంటే సరే సరే అంటున్నారు చూడండి, దానికి వచ్చింది.

"కిరణ్, ఆ దూలాలు పక్కకు జరిపించు" అన్నాను. కూలీలు జరిపారు. గడపను మొదట ఉన్న చోటే, గోడలు లేని నేల మీద సరిగ్గా పెట్టించాను. వాస్తు పంతులు టేపు చుట్టుకుంటూ, "పెద్దమ్మా, కనీసం బొక్కయినా పూడ్చుకుండ్రి" అన్నాడు.

కొంగుతో దుమ్ము తుడిచాను. మోకాళ్ళు కిర్రుమన్నాయి. కిరణ్ "నానమ్మా, గడప మీద..." అంటూ చెయ్యి చాపి ఆగిపోయాడు. ఆ ఇద్దరి ముందే నేను గడప మీద ఒక పక్కగా కూర్చున్నాను. బొక్కకు అవతలి పక్క బాలమ్మ జాగా, అది వదిలేసి కూర్చున్నాను.